నూకరత్నం రొట్టె తినడానికి అర్హులు

కోటిలింగానికి ఒక సందేహం ఉంది. పెళ్ళయిన కొత్తలో పుట్టిన ఆ సందేహం ఆయనతోపాటే పెరిగి, ఆయనతోపాటే జుట్టు నెరిసింది గానీ, తీరలేదు.

దేవుడికి పెట్టబోయే ప్రసాదాన్ని ముందుగా రుచి చూడకూడదంటారు కదా. సరే, చూడం. పొరపాటున ఆ వేళ ఉప్పు పడలేదనుకోండి. సంగతి దేవుడికి తెలుస్తుంది, వండినవాళ్ళకి తెలియదు. ఆయన నోరు తెరిచి చెప్పడు. అలా ఆయన ఎన్ని ఇళ్ళల్లో ఎంత చప్పిడి పులిహోర తిని ఊరుకుని ఉంటాడు? తినేవాడు చెప్పకపోతే వండేవాడు బాగుపడేదెలా?

ఓసారి ధైర్యం చేసి శివాలయంలో పూజారిగారిని అడిగాడు. ఆయన కళ్ళు మూసుకుని, భక్తే ఉప్పు నాయనా, అన్నారు. కోటిలింగం ఇంటికొచ్చి ఆ మాట భార్య భ్రమరాంబకి చెప్పాడు.

"అలాగా. అయితే రేపట్నుంచి మీ చారులో భక్తే వేస్తాలెండి," అంది భ్రమరాంబ.

కోటిలింగం దర్జీ. ఎనిమిదో తరగతి దాకా చదివాడు. పొద్దున్నే స్నానం, దీపం, నాలుగు నామాలు చదువుకోవడం ఆయన ఏనాడూ మానలేదు. సందేహం ఉన్నంత మాత్రాన దీపం మానేస్తే రేపు సమాధానం చెప్పాలన్నా దేవుడికి తోవ కనిపించొద్దూ అని ఆయన వాదం.

ఆ సందేహానికి సగం సమాధానం లాంటిది ఆయనకి గుళ్ళో కాక, మల్లెలంక కోర్టు గోడ పక్కన దొరికింది. అక్కడ నూకరత్నం మినపరొట్టెల బండి ఉండేది.

నూకరత్నానికి ముప్ఫయి దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది. మాట కాస్త ముద్దగా వస్తుంది. ఒకేసారి రెండు సంగతులు చెబితే రెండూ వదిలేస్తుంది. ఒకటే చెబితే చచ్చినా వదలదు. మినపరొట్టె ఇలాంటి మనుషుల కోసమే పుట్టినట్టుంటుంది. అది అట్టు కాదు, అదిలిస్తే వచ్చెయ్యడానికి. మందపాటి మూకుట్లో పిండి పోసి, మూత పెట్టి, మూత మీద కూడా నిప్పులు వేసి, కిందా పైనా సన్నటి సెగ తగిలేలా చూసుకుంటూ కూచోవాలి. మధ్యలో మూత తీశామా, అంతే. ఊళ్ళో ఇంకెవరూ ఒక్కసారి తీసి చూడకుండా ఉండలేరు. నూకరత్నం తియ్యదు. వచ్చినవాడు జడ్జీ అయినా, జేబుదొంగ అయినా, "కాలాలి" అని ఒక మాట చెప్పి కూచుంటుంది. డబ్బులు డబ్బాలో వేసి చిల్లర ఎవరికి వాళ్ళే తీసుకోవాలి. ప్లీడర్లు కూడా సరిగ్గానే తీసుకునేవారు.

సాయంత్రం పూట పప్పు రుబ్బి ఇచ్చేది తల్లి పైడమ్మ. ఆ ఊరి ఉక్కకి రాత్రే ఉప్పు వేస్తే పిండి పులిసిపోతుందని, తెల్లారి బండి దగ్గరే నూకరత్నం చేత్తో వేసి కలుపుతుంది. తొలి రొట్టెలో ఒక తునక నూకాలమ్మ పటం ముందు పెట్టాలి. అంతకు ముందు రుచి చూడకూడదు. అది పైడమ్మ చెప్పిన ఒక సంగతి. తర్వాత బోణీ. బోణీ ఎప్పుడూ కోటిలింగానిదే. ఆయన తునక నోట్లో వేసుకునేదాకా నూకరత్నం ఆయన దవడలే చూస్తుంది.

"ఉప్పుందా, మావయ్యా?"

ఆయన ఉన్నదున్నట్టు చెబుతాడు. తగ్గిందంటే వేస్తుంది. ఎక్కువైందంటే ఇంకాస్త పిండి కలుపుతుంది. బండి పెట్టిన రోజునే ఆయన, ఇదేమిటే, అమ్మవారికి పెట్టేశాక నన్నడుగుతావు, అని నవ్వితే నూకరత్నం చెప్పింది:

"అమ్మోరు చెప్పదుగా. నువ్వు చెప్పు."

ఆ రోజే ఇంకో సంగతి కూడా జరిగింది. మొట్టమొదటి రొట్టె మాడింది. కోటిలింగం మాడిన వైపు కిందకి తిప్పుకుని మాట్లాడకుండా తినేశాడు. నూకరత్నం చూడనే చూసింది. "నీకో రొట్టె బాకీ, మావయ్యా" అంది. ఆ బాకీ ఏళ్ళు గడిచినా తీరలేదు. ఎందుకంటే బోణీ రొట్టె ఊరికే ఇవ్వకూడదని పైడమ్మ చెప్పిన మరో సంగతి. కోటిలింగం రెండో బేరంగా వస్తే ఊరికే ఇవ్వొచ్చు. కానీ ఆయన రెండోవాడైతే బోణీ ఎవరు చేస్తారు? ఊళ్ళో అందరి చేతుల్లోకీ కోటిలింగం చెయ్యే మంచిదని ఆ పిల్ల నమ్మకం. ఆయన గొడుగుల కొట్టు పెట్టిన ఏడు వాన పడలేదనీ, ఉన్ని శాలువలు తెప్పించిన ఏడు చలి పడలేదనీ ఆమెకు తెలియదు.

"మీ చెయ్యి మంచిదని లోకంలో నమ్మింది ఆ పిల్ల ఒక్కతే. దాన్నయినా నిలబెట్టుకోండి," అనేది భ్రమరాంబ.

ఇలా ఉండగా, పురపాలక సంఘంలో సమ్మిళిత జీవనోపాధుల ప్రత్యేకాధికారి చక్రపాణిగారు ఒక సదస్సుకు వెళ్ళొచ్చారు. సదస్సు కొండ మీది హోటల్లో మూడు రోజులు జరిగింది. అక్కణ్ణించి ఆయన ఒక సంచీ, ఒక శాలువా, ఒక వాక్యం తెచ్చుకున్నారు. సంచీ, శాలువా ఇంట్లో ఇచ్చేశారు. వాక్యం ఆఫీసుకు తెచ్చారు. ఆ వాక్యం ఇది: లోపం వ్యక్తిలో లేదు, సమాజంలో ఉంది.

ఆ మాటలో తప్పేమీ లేదు. కోటిలింగం విన్నప్పుడు దణ్ణం కూడా పెట్టాడు. మంచి మాట ఆఫీసులోకి వెళ్ళి బయటికొచ్చేసరికి ఎలా తయారవుతుందో అప్పటికి ఆయన చూడలేదు.

చక్రపాణిగారు తర్కం తెలిసిన మనిషి. లోపం ఎవరిలో ఉంటే వాళ్ళని కదా పరీక్షించి, మరమ్మతు చేసి, ధ్రువపత్రం ఇవ్వాలి. నూకరత్నంలో లోపం లేదు కాబట్టి ఆమెకు ఏ పరీక్షా అక్కర్లేదు. ఆమె దగ్గర రొట్టె తినేవాళ్ళకి కావాలి. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. దాన్ని కోర్టు గోడకే అంటించారు.

"పురపాలక పరిధిలో ప్రత్యేక సామర్థ్యముగల వ్యాపారి నుండి ఆహార పదార్థమును భుజింపదలచిన ప్రతి వినియోగదారుడును, అట్టి భోజనమునకు పూర్వము, సున్నితత్వ శిక్షణ పొంది, ఉత్తీర్ణుడై, అర్హతా చిహ్నమును రొమ్మున ధరించి యుండవలెను."

అంతటితో ఆగలేదు. కోర్టు గోడ పక్కన పొగ మధ్య కూచోవడం ఆమె గౌరవానికి భంగమని, బస్టాండు ఎదురుగా అద్దాల కొట్టొకటి కట్టించారు. బండి తీయించేసి, పాత చోటు వృథాగా ఉండకూడదని అక్కడ సిమెంటు రెక్కల హంస ఒకటి పెట్టి సెల్ఫీ పాయింటు చేశారు. కొట్టు ప్రస్తుతానికి నూకరత్నానికి తాత్కాలికంగానే ఇచ్చారు. తగినంతమంది అర్హులు తయారయ్యాక ఒక రోజు కమిషనరుగారి సమక్షంలో మూల్యాంకనం జరుగుతుంది. ఆ రోజు తిన్న అర్హులందరూ సంతృప్తి చెందితే కొట్టు శాశ్వతంగా ఆమెదే. ఒక్క వినియోగదారుడు ఫిర్యాదు చేసినా, అనర్హుడొక్కడు తిన్నా, సమాజం ఇంకా సిద్ధంగా లేదని తేలుతుంది కాబట్టి, కొట్టు వేలం వేసి ఐస్‌క్రీము వాళ్ళకి ఇస్తారు. సమాజం సిద్ధంగా లేకపోతే శిక్ష నూకరత్నానికి ఎలా పడుతుందని అడిగినవాళ్ళు లేరు. అడిగే చనువున్న కోర్టు ప్లీడర్లు హంస ముందు ఫొటోలు దిగుతున్నారు.

పైడమ్మ మాత్రం చక్రపాణిగారి గుమ్మం ముందు నిలబడింది.

"బాబుగారూ, మా పిల్లని ఎవరూ ఏమీ అన్లేదండి. బాగానే తింటన్నారండి."

"అమ్మా, బాగానే తింటున్నారని మీరు భావించడమే సమస్య లోతును సూచిస్తోంది," అన్నారు చక్రపాణిగారు.

పైడమ్మకి లోతు అర్థం కాలేదు. పిల్ల రోజూ చీకటితో లేచి మూకుడు తోముకుని, బండి ఎక్కడా అని అడుగుతోందనీ, అమ్మకం లేక ఇంట్లో పప్పు నానబెట్టడం మానేశామనీ చెప్పుకుంది. ఆయన ఎంతో సానుభూతితో విని, ఈ బాధ సంధికాలపు బాధ అని ఒక పేరు పెట్టి పంపించారు.

శిక్షణ పురపాలక సమావేశ మందిరంలో పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. సున్నితత్వం మీద కోరికతో కాదు, రొట్టె మీద కోరికతో. బస్సు డ్రైవర్లు, టీచర్లు, కోర్టు గుమాస్తాలు, అందరి మధ్యా కోటిలింగం, భ్రమరాంబ కూచున్నారు. మధ్యలో ఉపాహారం ఇచ్చారు. నూకరత్నం రొట్టె తినడానికి ఇంకా ఎవరూ అర్హులు కారు కాబట్టి, పక్క ఊరి బేకరీ నుంచి చల్లారిన పఫ్‌లు తెప్పించారు.

అభ్యాసం కోసం బంట్రోతు దాలినాయుడు నూకరత్నంగా నటించాడు. మీసాలు అలాగే ఉంచుకున్నాడు. ఒక్కొక్కరూ లేచి వెళ్ళి, ఆయన ముందు వినయంగా నిలబడి, అట్టముక్క ఒకటి రొట్టెగా అందుకుని, ఆమోదించిన మూడు వాక్యాలూ చెప్పాలి. "మీ ధైర్యం మాకు స్ఫూర్తి." "తొందరేమీ లేదు." "మీ చేతి రుచి అద్భుతం." ఈ మూడు తప్ప నాలుగోది మాట్లాడకూడదు. అల్లప్పచ్చడి ఇంకాస్త వెయ్యమనడం ఒత్తిడి కిందకు వస్తుంది. ఉప్పు తగ్గిందనడం, మాడిందనడం గాయపరచడం కిందకు వస్తాయి. మొదటి రోజంతా స్ఫూర్తి పొందుతున్న గుమాస్తాలతో దాలినాయుడు మొహం వెలిగిపోయింది. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆయనకి ఎవరూ అన్నేసి మంచి మాటలు చెప్పలేదు.

ఇదంతా ఎందుకు జరుగుతోందో చూద్దామని నూకరత్నం కూడా ఒకనాడు తల్లితో కలిసి హాలు దగ్గరికి వచ్చింది. ఆమెను సగౌరవంగా వరండాలో కూచోబెట్టారు. లబ్ధిదారు ఎదుట ఉంటే శిక్షణార్థులు సహజంగా ప్రవర్తించే ప్రమాదం ఉందని చక్రపాణిగారు వివరించారు.

సందేహాలు చాలా వచ్చాయి. ప్రతిదానికీ వివరణ ఉత్తర్వు వెలువడింది. రొట్టె ఇంటికి పట్టుకెళ్తే, ఇంట్లో తినేవాళ్ళకీ చిహ్నం ఉండాలి. చంటిపిల్లల విషయంలో తల్లి చిహ్నం వర్తిస్తుంది. నూకరత్నం రోజూ కాకులకు వేసే తునకల విషయం పరిశీలనలో ఉంది. అన్నిటికన్నా సూక్ష్మమైన ప్రశ్న ఒక లెక్కల మాస్టారు లేవదీశాడు: నూకరత్నం తన రొట్టె తానే తింటే? చక్రపాణిగారు రెండు రోజులు ఆలోచించారు. తినేటప్పుడు ఆమె కూడా వినియోగదారే. వినియోగదారులు సమాజంలో భాగం. సమాజంలో లోపం ఉంది. ఆమె ఇంకా శిక్షణ పొందలేదు. శిక్షణ హాల్లోకి ఆమెకు ప్రవేశం లేదు. కాబట్టి తదుపరి ఉత్తర్వుల వరకు నూకరత్నం తన రొట్టెను రుచి చూడరాదు.

చివర్న మౌఖిక పరీక్ష జరిగింది. కోటిలింగం వంతు వచ్చింది.

"రొట్టెలో ఉప్పు లేదు. మీరేం చేస్తారు?" అని అడిగారు చక్రపాణిగారు.

"లేదని చెప్తానండి."

"అప్పుడు ఆవిడ మనసు ఏమవుతుంది?"

"ఉప్పేస్తదండి."

"నేను అడిగేది మనసు గురించి."

"అదేనండి. ఉప్పేశాక కులాసాగానే ఉంటదండి."

చక్రపాణిగారు కలం పక్కన పెట్టి, మరో అవకాశం ఇస్తున్నానన్నట్టు ముందుకు వంగారు. చూడండి, ఆవిడ మీకు ఎంతో ప్రేమతో రొట్టె పెట్టింది, అద్భుతం అనడానికి మీకేమిటి కష్టం, అని బుజ్జగించారు. అద్భుతం అనడానికి కోటిలింగానికి కష్టమేమీ లేదు. తాను అద్భుతం అనేస్తే తన వెనకాల తినబోయే నలభై మందికీ చప్పిడి రొట్టే కదా అని మాత్రం అనిపించింది. ఆ మాటే అన్నాడు. ఆయన పేరుకెదురుగా 'కఠినుడు' అని రాశారు.

భ్రమరాంబ మాత్రం ఊళ్ళోకల్లా మొదటగా నెగ్గింది. ఆకుపచ్చ చిహ్నం చీర మీద పెట్టుకుని ఇంటికొచ్చింది. ఎలా నెగ్గావే అని మొగుడు ఆశ్చర్యపోయాడు.

"ఇన్నేళ్ళబట్టీ మీరు కుట్టిన జాకెట్లు తొడుక్కుని బాగున్నాయంటున్నానా లేదా? నాకు వేరే శిక్షణ దేనికండీ," అంది.

ఆ సాయంత్రం దీపం పెట్టుకుని కూచున్న కోటిలింగానికి పాత సందేహం కొత్త వేషంలో వచ్చింది. ఇన్నాళ్ళూ తిని చెప్పనివాడు దేవుడొక్కడే అనుకున్నాడు. ఇప్పుడు ఊరు ఊరంతా దేవుళ్ళయిపోతున్నారు. తింటారు, చెప్పరు. ఒక్క దేవుడితోనే వేగలేకపోతుంటే ఇంతమందితో ఆ పిల్ల ఏం వేగుతుంది స్వామీ, అని పటం వంక చూశాడు. పటం ఎప్పట్లాగే ఏమీ చెప్పలేదు.

మూల్యాంకనం నాడు అద్దాల కొట్టుకి అరటి బోదెలు కట్టారు. కొట్టు ముందు తాడు కట్టారు. తాడు లోపల చిహ్నాలున్న నలభై మంది అర్హులు, వాళ్ళలో భ్రమరాంబ, తనూ ఒక చిహ్నం పెట్టుకుని కుర్చీలో కమిషనరుగారు, ఆయన పక్కన చక్రపాణిగారు. తాడు బయట కోటిలింగం. పైడమ్మ ఆయన పక్కనే నిలబడి, ఇది పోతే హంస దగ్గరికి కూడా పోనివ్వరు కదండీ అన్నయ్యగారూ, అని మెల్లిగా అంది.

నూకరత్నం కొత్త చీర కట్టుకుంది. కొత్త చోటు ఆమెకు ఒంటపట్టలేదు. పాత బండి మీద పొయ్యికి ఎడంపక్క ఉప్పు జాడీ ఉండేది. చూడకుండానే చెయ్యి వెళ్ళేది. ఇక్కడ జాడీ అందంగా లేదని, భద్రత దృష్ట్యా, పైన అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి చక్రపాణిగారి దగ్గర ఉంది. ఆమె చెయ్యి రెండుసార్లు ఎడంపక్కకి వెళ్ళి ఊరికే తిరిగొచ్చింది. మూడోసారి వెళ్ళలేదు. అప్పుడే ఫొటోగ్రాఫరు ఇటు చూడమన్నాడు.

తొలి రొట్టె కాలింది. నూకాలమ్మ పటం ముందు తునక పెట్టింది. తర్వాత తాడు వైపు చూసి, "మావయ్యా, రా. బోణీ," అంది.

అది కుదరదని చక్రపాణిగారు చెప్పారు. ఇవాళ పెట్టేవి మూల్యాంకన రొట్టెలనీ, అమ్మకం కాదు కాబట్టి బోణీ ప్రశ్న ఉత్పన్నం కాదనీ చెప్పారు. అమ్మకం కాదన్న ఒక్క సంగతి పట్టుకుంది నూకరత్నం. సరేనంది. వరసగా రొట్టెలు కాల్చి ముక్కలు చేసి పెట్టింది.

అర్హులు తిన్నారు. ఒక్క క్షణం తాడు లోపల ఎవరి దవడా కదల్లేదు. తర్వాత అన్నీ ఒకేసారి, చాలా మర్యాదగా కదిలాయి.

"ఉప్పుందా?" అని అడిగింది నూకరత్నం.

మీ చేతి రుచి అద్భుతం, అన్నాడు లెక్కల మాస్టారు.

ఆమె పక్కవాడిని అడిగింది. ఆయన ధైర్యం, స్ఫూర్తి అన్నాడు. మూడోవాడు తొందరేమీ లేదన్నాడు. ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ అడుగుతూ పోయింది. ఉప్పుందా? అద్భుతం. ఉప్పుందా? అద్భుతం. కమిషనరుగారు నీళ్ళు తాగి, అద్భుతం, అని రుమాలుతో మూతి తుడుచుకున్నారు. ఆమె చెయ్యి నోటి దాకా వెళ్ళింది. తన రొట్టె తాను తినకూడదని ఆఫీసువాళ్ళు చెప్పిన సంగతి గుర్తొచ్చి ఆగిపోయింది. అప్పుడు నిప్పుల మీద బూడిద కప్పేసి, మూకుడు దించేసి, గోడ వైపు తిరిగి కింద కూచుంది.

"ఎవరూ చెప్పట్లేదు. నేను చెయ్యను."

చక్రపాణిగారు కంగారుపడి, భావోద్వేగ స్పందన అని రాసుకున్నారు.

తాడు బయటి నుంచి కోటిలింగం ఒక మొహాన్ని చూశాడు. ఉప్పు లేని కూర నోట్లో పడినప్పుడు భ్రమరాంబ మొహం ఎలా ఉంటుందో ఆయనకి తెలియనిదా. ఆమె కూడా ఆయన వంకే చూస్తోంది. చెప్పెయ్యనా, అన్నట్టు. పరీక్షలో అంత నిక్కచ్చిగా నిలబడ్డ కోటిలింగం అప్పుడు వెనక్కి తగ్గాడు. ఫిర్యాదు ఒక్కటి పడిందంటే కొట్టు పోతుంది. పక్కన పైడమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. వద్దని ఆయన చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

పెళ్ళయినప్పట్నుంచీ భ్రమరాంబ ఆయన తల ఊపుడు ఏనాడు లెక్కచేసింది గనక. లేచింది. రొమ్మున ఉన్న ఆకుపచ్చ చిహ్నం విప్పి, కమిషనరుగారి ముందున్న బల్ల మీద పెట్టింది. నూకరత్నం పక్కన వెళ్ళి గొంతుకు కూచుంది.

"ఉప్పు లేదే పిల్లా. బొత్తిగా లేదు."

నూకరత్నం ఇటు తిరిగింది. ముందు భ్రమరాంబ మొహం చూసింది, అబద్ధమేమోనని. తర్వాత నుదురు కొట్టుకుని, కొట్టంతా మోగేలా నవ్వింది.

"నాకు తెల్సు! జాడీ లేదు!"

ఆ నవ్వుతో ఏమైందో గానీ తాడు లోపల ఒక్కొక్కరే చిహ్నాలు విప్పడం మొదలెట్టారు. లెక్కల మాస్టారు ఓ పక్క పచ్చిగా ఉందన్నాడు. డ్రైవరొకాయన అల్లప్పచ్చడిలో బెల్లం ఎక్కువైందన్నాడు. గుమాస్తా అసలీ అద్దాల గదిలో ఉక్కగా ఉంది, కోర్టు గోడే నయమన్నాడు. నూకరత్నం అందరికీ తగిన జవాబులు చెప్పింది. పచ్చిగా ఉంటే కాలేదాకా కూచో, బెల్లం వద్దంటే పచ్చడి తినకు, అని కసిరింది. అన్ని రోజుల తర్వాత ఆమెతో జనం మాట్లాడుతున్నారు. ఆ తిట్లకి అందరూ ఎంతో సంతృప్తి చెందినట్టు కనిపించారు.

చక్రపాణిగారు తెల్లబోయి, ఫిర్యాదు నమోదైంది సార్, అన్నారు మెల్లిగా.

కమిషనరుగారు ముప్ఫయ్యేళ్ళు ఫైళ్ళతో బతికిన మనిషి. చప్పిడి రొట్టె ఇంకా ఆయన నాలుక మీదే ఉంది. ఆయన ఉత్తర్వు తెప్పించి రెండుసార్లు చదివారు.

"ఫిర్యాదు ఎవరు చెయ్యాలని ఉంది?"

"వినియోగదారుడు సార్."

"వినియోగదారుడంటే?"

"చిహ్నం ధరించినవాడు సార్."

"ఆవిడ మాట్లాడినప్పుడు చిహ్నం ఉందా?"

"లేదు సార్. బల్ల మీద ఉంది సార్."

"తిన్నప్పుడు?"

"ఉంది సార్."

"అంటే తిన్నది అర్హురాలు. మాట్లాడింది సామాన్యురాలు. అర్హుల నుంచి ఒక్క ఫిర్యాదూ లేదు. అనర్హులెవరూ తినలేదు. సంతృప్తి నూటికి నూరు. రాయండి," అని, కమిషనరుగారు తన చిహ్నం కూడా విప్పి జేబులో వేసుకుని, "అమ్మాయీ, ఉప్పేసి ఇంకోటి కాల్చు. అదెక్కడ చచ్చింది, ఆ తాళంచెవి?" అన్నారు.

కొట్టు శాశ్వతంగా నూకరత్నానిదని అక్కడే సంతకం పెట్టారు. ఉత్తర్వును మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. ఇప్పటికీ అమల్లోనే ఉంది. కొట్టు గుమ్మానికి ఒక మేకు కొట్టి చిహ్నాలన్నీ దానికి తగిలించారు. వచ్చినవాడు ఒకటి తీసి పెట్టుకుని తింటాడు. ఉప్పు సంగతి చెప్పేటప్పుడు విప్పేస్తాడు. శిక్షణ ఫలితంగా వినియోగదారులు చిహ్నమే అక్కర్లేనంత సున్నితులయ్యారని చక్రపాణిగారు నివేదిక పంపారు. దాన్ని చదివి వినిపించడానికి ఆయన్ని మరో కొండకి పిలిచారట.

అదంతా తర్వాతి సంగతి. ఆ పూట తాళం తీశారు. జాడీ దిగింది. నూకరత్నం దాన్ని పొయ్యికి ఎడంపక్క పెట్టుకుని, ఒకసారి చూడకుండా చెయ్యి చాపి తాకి చూసుకుంది. పిండి కలిపింది. ఉప్పు పడ్డ తొలి రొట్టె కాలగానే తునక తుంచి నూకాలమ్మ పటం ముందు పెట్టి, ఇందాకటిది తీసేసింది. "అమ్మా, అది లెక్కలోది కాదు. ఇది తిను," అంది.

కోటిలింగం ఆ మాట విన్నాడు. ఎన్నో ఏళ్ళ సందేహం లోపల ఎక్కడో కాస్త సర్దుకుని కూచున్నట్టయింది. దేవుడు ఊరుకుంటాడు, నిజమే. పక్కవాడు చెబితే మళ్ళీ వండి పెట్టొచ్చు కదా.

ఆ రొట్టెకి భ్రమరాంబ డబ్బాలో డబ్బులు వేసింది. మొగుడి కంటే తన చెయ్యే మంచిదని ఇవాళ తేలిపోయిందని పైడమ్మతో అంటూ వేసింది. బోణీ అయిపోయింది.

తాడు విప్పేశారు. కోటిలింగం లోపలికి వచ్చి, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. నూకరత్నం ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. మూత తీసి, ఎక్కడా మాడని బంగారు రంగు రొట్టె మొత్తం ఆకులో పెట్టి ఆయన చేతుల్లో పెట్టింది.

"డబ్బులొద్దు. బోణీ అత్త చేసేసింది. ఇది బాకీ."

కోటిలింగం తునక తుంచి నోట్లో వేసుకున్నాడు. నూకరత్నం ఆయన దవడలే చూస్తోంది.

"ఉప్పుందా, మావయ్యా?"

ఆయన తొందరపడలేదు. నమిలాడు. మింగాడు.

"సరిపోయిందమ్మా."

"అయితే తీరిపోయింది," అని నూకరత్నం తర్వాతి రొట్టెకి పిండి పోసి, మూత పెట్టింది.